సర్కారు వారి ఆయాసం

ప్రభుత్వానికి కళ్లున్నాయి, చెవులున్నాయి, చేతులైతే అవసరానికి మించి పొడుగున్నాయి. ఊపిరితిత్తులు మాత్రం కృష్ణపట్నం అవతలి పాలెంలో, దూది ఏకే హజరత్తయ్య రొమ్ములో ఉండేవి. ఈ సంగతి ఏ గెజిట్‌లోనూ పడలేదు గానీ ఆయన కోడలు జమాల్‌బీకి బాగా తెలుసు. ఆ ఊపిరితిత్తులకు వేణ్ణీళ్లు కాచి తాపేది ఆమే కదా.

పాలెంలో గాలివాన హెచ్చరికల ఉపకార్యాలయం అని ఒకటుండేది. గాలి ముదిరేట్టుంటే జెండాకొయ్య మీదికి నల్లగుడ్డ కప్పిన వెదురుబుట్ట ఒకటి ఎత్తాలి. తుఫానైతే రెండు ఎత్తాలి. బుట్ట కనబడితే పడవలు ఒడ్డునే ఆగిపోతాయి. ఇంతే దాని పని. ఎప్పుడు ఎత్తాలో చెప్పడానికి గోడకు ఒక బారోమీటరు వేలాడేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు అది రిపేరుకని మద్రాసు పోయింది. రాష్ట్రానికి ఐదో ఏడు నడుస్తున్నా తిరిగి రాలేదు. (మద్రాసు మనకివ్వనన్న వాటిలో అదీ ఒకటని కొందరి వాదన.)

బుట్టలెత్తే టెంపరరీ ఉద్యోగి మదార్, జమాల్‌బీ కొడుకు. ఆఫీసు ఆవరణలోనే ఒక గదీ, ముందు వసారా వాళ్లకిచ్చారు. గదికి కిటికీ లేదు, పొయ్యి లోపలే. పెనిమిటి పోయినాక జమాల్‌బీకి మిగిలింది కొడుకూ, మామా. అందుచేత ఆ ఇద్దరికీ రాగల ఆపదలన్నీ ఆమె ముందే ఊహించి సిద్ధంగా పెట్టుకునేది. మదార్ కొయ్యెక్కితే కాలు జారినట్టే, తుమ్మితే క్షయ పట్టినట్టే, అన్నానికి ఆలస్యమైతే సముద్రం మింగినట్టే. మామ విషయంలో ఇంత ఊహ అక్కర్లేదు. ఆయన జీవితమంతా వింటితో దూది ఏకినాడు. తాలూకా పరుపుల్లోకి పోగా మిగిలిన దూది ఆయన రొమ్ములోకి పోయింది. దాని మీద రోజూ పొయ్యి పొగ. ఇక చెమ్మగాలి తోలిందంటే లోపల పిల్లికూతలు మొదలయ్యేవి.

ఒక అక్టోబరు పొద్దున జమాల్‌బీ ఆఫీసు గుమాస్తా పద్మనాభయ్య ముందు నిలబడింది.

“సారూ, మా మామ రొమ్ములో పిల్లులు పోట్లాడతుండాయి. వానొచ్చేలోగా నెల్లూరు పెద్దాస్పత్రికి తీసకపోతాం. మదార్‌కి సెలవియ్యండి.”

“వానొస్తుందని ఎవరు చెప్పినారు?”

“ఆ రొమ్మే చెప్పింది సారూ. ఎన్నడూ తప్పలా.”

ఆకాశం అద్దంలా ఉంది. అయినా పద్మనాభయ్య ఆలోచనలో పడ్డాడు. గాలివాన సమయంలో సిబ్బందికి సెలవు లేదని రూలుంది. సెలవు ఇవ్వకుండా ఉండాలంటే గాలివాన ఉండాలి. కాబట్టి మదార్‌ని పిలిచి ఒక బుట్ట ఎత్తించి, సెలవు నిరాకరించాడు. సాయంత్రానికి తాటిచెట్లు వంగిపోయే గాలి వచ్చింది. ఒడ్డున ఆగిన పడవలన్నీ దక్కాయి. పై ఆఫీసు నుంచి మెప్పు వచ్చింది (పద్మనాభయ్యకు).

ఆనాటినుంచీ రోజూ పొద్దున్నే పద్మనాభయ్య వచ్చి, ముసలాయన వీపుకు చెవి ఆనించేవాడు. పిల్లికూత సన్నగా ఉంటే ఒక బుట్ట, బండగా ఉంటే రెండు.

“ఏం సారూ,” అనేవాడు హజరత్తయ్య, “నాకు పిత్తొస్తే దానికి ఎన్ని బుట్టలు?”

జమాల్‌బీ మాత్రం ఆస్పత్రి మాట విడవలేదు.

“ఆస్పత్రికి పోతే బాగుచేస్తారు గదమ్మా!” అన్నాడు పద్మనాభయ్య, నిజంగానే కంగారుపడి. “అప్పుడు ఆఫీసు గతేంగాను? అయినా మీ మామ ఇప్పుడు ఆఫీసు యంత్రం. యంత్రాన్ని స్టేషను దాటించాలంటే పై అనుమతి రావాల.”

అనుమతి రాలేదు. వచ్చింది వేరే ఉపద్రవం. ఒకరోజు, సరిగ్గా చెవి ఆనించే వేళకు, జమాల్‌బీ పొయ్యి మీద ఎండుమిరపకాయల తాలింపు వేసింది. ఆ ఘాటుకు హజరత్తయ్య మెలికలు తిరిగి దగ్గాడు. అలాంటి కూత పద్మనాభయ్య అంతవరకూ వినలేదు. రెండు బుట్టలూ ఎత్తించి, అవి చాలవేమోనని ఆఫీసు చెత్తబుట్ట కూడా కట్టించాడు. పాలెం పాలెమంతా పిల్లల్నీ కోళ్లనీ చంకనేసుకుని ఇసకదిబ్బల మీదికి పరుగెత్తి, ఆ మంచి ఎండలో సాయంత్రం దాకా తుఫాను కోసం ఎదురుచూసింది.

“ఏమ్మే జమాల్‌బీ,” అన్నది దిబ్బ దిగుతూ మాలకొండమ్మ, చేపల బేరం పోయిన కడుపుమంటతో, “ఈసారి పులుసు పెడితే ఏమొస్తుంది, ఉప్పెనా?”

విచారణకు యంత్ర సంరక్షణాధికారి తిమోతి గారు జీపులో దిగారు. యంత్రంలో లోపమేమీ లేదనీ, దాన్ని ఉంచిన తీరులోనే ఉందనీ ఆయన తేల్చారు. వెంటనే ఉత్తర్వులు వెలువడ్డాయి. పొయ్యిని గదిలోంచి తీసి వసారా చివర పెట్టవలెను. గదికి కిటికీ కొట్టవలెను. సున్నం వేయవలెను. నేల చెమ్మెక్కకుండా గచ్చు చేయవలెను. యంత్రం దరిదాపుల్లో బీడీ తాగరాదు, దూది విదల్చరాదు, చేపలు ఎండబెట్టరాదు. (కిటికీ కోసం జమాల్‌బీ అంతకుముందు చాలాసార్లు ప్రాధేయపడింది. గోడ ప్రభుత్వానిది, దానికి బొక్క పెట్టడం నేరమన్నారు. ఇప్పుడు ముసలాయన కూడా ప్రభుత్వానిదే గనక చిక్కు విడిపోయింది.)

పనివాళ్లు వచ్చి అన్నీ చేసిపోయారు. నెల తిరిగేసరికి ఘోరం జరిగింది. హజరత్తయ్యకు ఊపిరి ఆడసాగింది.

జమాల్‌బీ హడలిపోయింది. ఇన్నేళ్లూ ఆ కూతే ఆమెకు మామ బతికున్నాడన్న కబురు. మధ్యాహ్నం కునుకులో ఆయన చప్పుడు చేయకపోయేసరికి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

“పోలేదులేమ్మా జమాలూ,” అన్నాడాయన కళ్లు తెరవకుండా. “ఊరికే గాలి పీలుస్తుండా. బో రుచిగా ఉంది.”

టీ అంగడి దాకా నడిచి వెళ్లడం, దోవలో కనబడ్డవాళ్లందర్నీ ఎగతాళి చేయడం కూడా మొదలుపెట్టాడు. అలా అంగడి ముందు కూర్చుని ఉండగానే, ఏ బుట్టా ఎత్తని ఒక మిట్టమధ్యాహ్నం, పెనుగాలి వచ్చి పాలెం మీద పడింది. పడవలు రెండు పగిలాయి. మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, ముందు ఆకాశాన్నీ, తర్వాత పద్మనాభయ్యనూ తిట్టారు. పద్మనాభయ్య గొడుగు వెల్లకిలా తిరగబడి ఉండగా టీ అంగడికి పరుగెత్తుకొచ్చాడు.

“ఏం పెద్దాయనా! ఇంత గాలొస్తుంటే దగ్గకుండా టీ తాగుతుండావా?”

“మరిచిపోయినా సారూ,” అన్నాడు హజరత్తయ్య.

యంత్రాన్ని బాగుపడనిచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలని మదార్‌కు మెమో వచ్చింది. పద్మనాభయ్య మనసు మంచిదే. తనే ఒక దోవ చెప్పాడు. పొయ్యి మళ్లీ లోపల పెట్టి, కిటికీకి గోనె కడితే, యంత్రం పాత స్థితికి వస్తుంది. మెమో పోతుంది, మదార్ పర్మనెంటు అవుతాడు.

జమాల్‌బీకి ఒకవైపు కొడుకు తిండి, ఇంకోవైపు మామ ఊపిరి. ఇన్ని భయాలు పడ్డ మనిషికి ఈ భయం మాత్రం ముందెన్నడూ తట్టలేదు.

“పెట్టమ్మా పొగ,” అన్నాడు హజరత్తయ్య మెల్లిగా. “పిల్లోడి ఉద్యోగం నిలబడనీ. నాకది అలవాటే గదా.”

“నువ్వు నోరు మూసుకోని గాలి పీల్చు మామా,” అని ఆమె పద్మనాభయ్య వైపు తిరిగింది. “పొగ మీ ఇంట్లో పెట్టుకోండి సారూ. మీ నాయన గూడా పెద్దాయనే గదా. ఆయన రొమ్ముకు చెవి పెట్టండి.”

ఆ మాటతో పద్మనాభయ్య యంత్రం చెడిపోయిందని రాసేశాడు. చెడిపోయిన యంత్రానికి బదులు కొత్తది ఇవ్వాలని రూలుంది, రిపేరుకు పోయినదానికి లేదు. మద్రాసు నుంచి అన్నేళ్లూ రాని బారోమీటరుకు బదులు కొత్తది, గడ్డిలో చుట్టుకుని వారంలో దిగింది. మెమో రద్దయింది. మామకు విడుదల దొరికిందని జమాల్‌బీ ఫాతెహా ఇప్పించి పాలెమంతా చక్కెర పంచింది.

బారోమీటరుతో పాటు ఒక సూచన కూడా వచ్చింది. పొగ తగలని, చెమ్మ లేని, కిటికీ గల గదిలో దాన్ని ఉంచాలట. అలాంటి గది ఆవరణలో ఒక్కటే ఉంది.

“మీరు వసారాలో ఉండొచ్చు,” అన్నాడు పద్మనాభయ్య ఉదారంగా.

“వసారాలో పొయ్యి ఉండాది గదా సారూ! దాన్నన్నా తీయించండి.”

“అదెట్లా? పొయ్యి అక్కడుండాలని ఉత్తర్వుంది గదా.”

వసారాకు గోనెపట్టాలు కట్టుకున్నారు. పొగ ఆ పట్టాల్లోనే సుడి తిరిగేది. వానాకాలం రాకముందే పిల్లులు తిరిగి వచ్చాయి, ఈసారి పిల్లలతో సహా. జమాల్‌బీ మళ్లీ పోయి నిలబడింది.

“పగటిపూటన్నా లోపల ఒక మూల కూర్చోనియ్యండి సారూ. దాన్ని తాకడు.”

“తాకడం కాదమ్మా. ఊపిరి వదులుతాడు గదా. దానికి చెమ్మ పడదు.”

“ఆయనకీ పడదు సారూ.”

పద్మనాభయ్య దీనికి జవాబు కోసం నిజంగానే వెతికాడు. సూచనల్లో లేదు.

పాలెం వాళ్లిప్పుడు కొయ్య వైపు చూడరు. పడవ దించేముందు వసారా దగ్గర ఒక నిమిషం ఆగి, విని, పోతారు. పద్మనాభయ్య మాత్రం అదే వసారాలోంచి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచి, బారోమీటరు ముల్లు చూసి, ‘వాతావరణం నిర్మలం’ అని రాసుకుంటాడు.

ఏడాది చివర తిమోతి గారు తనిఖీకి వచ్చారు. కిటికీ తలుపు తీసి చూశారు, గచ్చు తడిమి చూశారు, గుండెల నిండా గాలి పీల్చి సంతోషించారు. వెళ్తూ వెళ్తూ ఇలా రాశారు: ‘గది పొడిగాను, గాలి స్వచ్ఛముగాను ఉన్నవి. యంత్రముయొక్క ఆరోగ్యము సంతృప్తికరము. వసారాలో ఎవరో దగ్గుచున్నారు. దానివలన యంత్రమునకు ఇబ్బంది కలుగకుండ చూడవలెను.’