అటకెక్కిన తెలుగు

పరాయి దేశంలో, సెరంగూన్ గార్డెన్స్ పేటలో సొంత ఇల్లున్న పార్థసారథి గారు మాతృభాషను అటకెక్కించాలని నిర్ణయించారు. అపార్థానికి తావు లేదు. ఆయన బ్యాంకులో పెద్ద అధికారి, స్థానిక తెలుగు మండలికి అధ్యక్షులు. పైకప్పు కింద ఖాళీగా ఉన్న అటకను గదిగా మార్పించి, అందులో గ్రంథాలయం, సభాస్థలి నెలకొల్పాలన్నది వారి సంకల్పం. ఆ ఇంట్లో భాషకు ఇవ్వగలిగినంతలో అంతకంటే ఉన్నత స్థానం లేదు.

అటకలో నేల వేయాలంటే ముందు రెండు ఇనుప దూలాలు ఎక్కించాలి. కాంట్రాక్టరు పంపిన నలుగురిలో ఓబయ్య ఒకడు. కడప జిల్లా మనిషి. పన్నెండేళ్లుగా తువాస్‌లో పనివాళ్ల వసతిగృహంలో ఉంటూ రోజూ లారీలో పనికొస్తాడు. మొదటి దూలాన్ని పైకి లాగి, కింద జాకీలు నిలిపాక, దాని కొన ఆనాల్సిన గోడను ఓబయ్య సుత్తితో తట్టి చూశాడు. మళ్లీ తట్టాడు. కిందికి దిగి నేరుగా ఇంటాయనకే చెప్పాడు.

"సార్, ఈ గోడ లోపల గుల్లబారి ఉండాది. బరువు మోయదు. జాకీలు తీసినామంటే దూలం కిందికొస్తాది. ఈడ ఇనుప స్తంభం నిలబెట్టల్ల."

పార్థసారథి గారు పులకించిపోయారు. "ఉండాది అన్నాడు, విన్నావా లలితా?" అని భార్యను పిలిచారు. ఫోను తీసి, "ఇంకోసారి చెప్పు బాబూ, నిదానంగా" అన్నారు. పెద్దాయనకు విషయం తలకెక్కుతోందనుకుని ఓబయ్య నిదానంగా చెప్పాడు.

ఆ వీడియో ఐదు నిమిషాల్లో మండలి గ్రూపుకు చేరింది. సభ్యుల స్పందన ప్రశంసనీయం. ఒకరు 'నిలబెట్టల్ల'కు వ్యుత్పత్తి రాశారు. పుంగ్గోల్ నుంచి ప్రసన్నలక్ష్మి గారు కళ్లు చెమర్చాయని తెలియజేశారు. గోడ సంగతి ఎవరూ అడగలేదు. గోడ వ్యాకరణం పరిధిలోకి రాదు.

ఈలోగా సూపర్‌వైజరు జాకీలు తీసేయమన్నాడు. ఓబయ్య తీయనన్నాడు.

"వర్క్ పర్మిట్ మీద ఆశ లేదా నీకు?"

ఆశ ఉంది. ఊళ్లో కూతురు నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. "కింద గదిలో పాప చదువుకుంటా ఉంది. నేను తీయను" అని ఓబయ్య జాకీ పక్కనే కూర్చున్నాడు.

ఆ పాప తన్మయి. పార్థసారథి గారి కూతురు. ఆమెకు తెలుగు సరిగ్గా రాదన్నది మండలి సమావేశాల్లో తరచూ వ్యక్తమయ్యే ఆవేదన. రాదు కనుకే వీడియోను మూడుసార్లు పెట్టుకుని, ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంది.

"డాడీ, యాక్సెంట్ కాదు. బీమ్ పడిపోతుందంట. అంకుల్ అదే చెప్తున్నారు."

ఇంజినీరును పిలిపించారు. ఆయన గోడలో స్క్రూడ్రైవరు గుచ్చితే పిడిదాకా దిగింది. ఓబయ్య చెప్పిందే ఆయన ఇంగ్లిషులో చెప్పారు. వెంటనే పని ఆగింది, స్తంభం వచ్చింది, ఇల్లు నిలిచింది. ఇంజినీరు గారికి శాలువా కప్పారు. యజమానితో నేరుగా మాట్లాడినందుకు ఓబయ్యను వేరే సైటుకు మార్చారు.

అటకలో జరిగిన ప్రారంభోత్సవ సదస్సుకు అంశం 'ప్రజల మాటే మన ఊపిరి'. తన్మయి పట్టుబట్టి పిలిపించడంతో ఓబయ్య ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. అధ్యక్షుల వారు పెద్దమనసుతో ఆయనకు రెండు నిమిషాలు కేటాయించారు. ఓబయ్య మైకు పట్టుకుని నేలవైపు చూశాడు. తర్వాత వరుసలు లెక్కపెట్టాడు.

"ఈ నేల ముప్పై మందికే లెక్క. మీరు అరవై మంది ఉండారు. సగం మంది కిందికి దిగండి."

చప్పట్లు మారుమోగాయి. రెండో వరుసలో కూర్చున్న నేనూ కొట్టాను. ఓబయ్య మైకు పక్కన పెట్టి మెట్లు దిగాడు. ఆయన వెనకే తన్మయి దిగింది. మిగిలినవాళ్లం మాత్రం పైనే కూర్చుని, 'ఉండారు' అన్న మాటలోని తియ్యదనాన్ని గురించి చాలాసేపు చర్చించుకున్నాం.