నడిమి గోడ దౌత్యం

దేశానికి ప్రాణం సరిహద్దులో ఉంటుంది. మిగతా నేలంతా ఆ గీత ఊడిపోకుండా పట్టుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. ఈ సంగతి పెద్దలందరికీ తెలుసు. తెలియనిదల్లా దర్జీకే, ఎందుకంటే ఆ గీత అతని ఇంట్లోంచే పోతుంది.

పూర్వం ఎవరో మహానుభావుడు పటం మీద మొద్దు పెన్సిలుతో గీత గీశాడు. (చెక్కుకుందామంటే చాకు పక్క దేశం వాటాకి వెళ్ళిపోయిందట.) ఆ గీత లావు నేల మీదికి దిగేసరికి సరిగ్గా దర్జీ ఇంటి నడిమి గోడంత అయింది. కుట్టుమిషనున్న ముందుగది ఈ దేశం, వంటగది ఆ దేశం, గోడ ఇద్దరిదీ. వీధిలో ముళ్ళకంచె వేశారు గానీ, ఇంట్లో ఆ గోడకున్న తలుపు సంగతి మాత్రం ఉభయ ప్రభుత్వాలూ చూసీచూడనట్టు ఊరుకున్నాయి. దర్జీ రోజూ అన్నానికి విదేశం వెళ్ళి, చెయ్యి కడుక్కుని స్వదేశం వచ్చేవాడు.

ఈ ఏడు ఆ గోడ పొట్ట ఉబ్బింది. వంటగది వైపు దాని కిందే తల్లి మంచం. ఆ ఇరుకింట్లో మంచం జరపడానికి మరో చోటు లేదు. వాన పడితే చాలు, దర్జీ గుండెల్లో రాయి పడేది. ఒకసారి గుప్పెడు మట్టి మెత్తబోతే, సరిహద్దు మందం పెంచుతున్నాడని రెండు దేశాలూ నోటీసులిచ్చాయి.

చివరికి ఈ దేశపు గోడల అధికారి దగ్గరికి వెళ్ళాడు.

"గోడ మాదే. అంగుళం వదలం," అన్నాడాయన.

"అయితే బాగుచేయించండి బాబూ. మా అమ్మ మీద పడేలా ఉంది."

"మరమ్మతా? అది వాళ్ళదయ్యా!"

అవతలి అధికారి, వంటగది దేశంలో పుట్టి పెరిగిన దర్జీ భార్యతో పొల్లుపోకుండా ఇదే మాటన్నాడు. (రెండు దేశాల మధ్య ఇంత ఏకాభిప్రాయం అంతకు ముందెన్నడూ లేదు.)

"మీకసలు లౌక్యం తెలీదు," అంది భార్య. "బాగుచెయ్యమంటే ఎవరు చేస్తారు? పక్కవాళ్ళు చేసేస్తున్నారని చెప్పండి. నేను మావాళ్ళకి చెప్తా."

మంత్రం పారింది. తెల్లారేసరికి ఇటో మేస్త్రీల దండు, అటో మేస్త్రీల దండు. వాళ్ళు రాయి పేరిస్తే వీళ్ళు రెండు రాళ్ళు పేర్చారు. గోడ మీద పాతడానికి జెండా కుట్టమన్నాడు అధికారి. దర్జీ పొంగిపోయి, తల వంచుకుని మిషను తొక్కాడు. తలెత్తి చూసేసరికి గోడ కోటలా నిలబడి ఉంది.

"అయ్యా... తలుపేదీ?"

"సరిహద్దుకి తలుపేంటయ్యా?" అధికారి నిర్ఘాంతపోయాడు. "ఇన్నాళ్ళూ ఉందా?"

దర్జీకి ఏడుపు ముంచుకొచ్చింది. గోడకి మొహం ఆనించి "అమ్మా!" అని గొంతు చించుకున్నాడు. (గోడలకు చెవులుంటాయంటారు. ప్రభుత్వం కట్టే గోడలకు అవి మంజూరు కావు.)

అవతల తల్లి మంచం మీంచే గోడ తడిమి చూసి, "నా కొడుకు బంగారం. నా కోసం ఎంత గట్టి గోడ కట్టించాడు! చల్లగా ఉండాలి," అందట.

గోడ నిజంగానే గట్టిది. ఆ మాట ఇవతలికి వినబడలేదు.