శివాని దద్దుర్లు, ఈదమ్మ వేపమండలు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది ముగ్గురు: నాయనమ్మ ఈదమ్మ, మనవరాలు శివాని, శివాని పై పెదవి. పెదవిని విడిగా లెక్కపెట్టాల్సినంతగా అది వాచింది. నాన్న బుగ్గయ్య, అమ్మ అరుణజ్యోతి తెల్లవారకముందే పెద్దచెరువుకు చేపల కోసం పోయారు.

శివాని అనుకున్నది చిన్న పనే. ఒంటిగంట బస్సెక్కి ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షకు పోవాలి. తప్పితే ఏడాది పోతుంది. అయితే లేచేసరికి చేతుల నిండా, మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. అవి ఆమెకు కొత్త కాదు. నెలల తరబడి వస్తూ పోతూ ఉన్నాయి. "ఇవి అంటుకోవు. తగ్గినయని గోలి ఆపకు. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే దవాఖానకు రా" అని డాక్టరమ్మ చెప్పింది. గోలి వేసుకుంటే పుస్తకం ముందు నిద్ర వస్తోందని శివాని మొన్నటి నుంచి మానేసింది.

ఈదమ్మకు ఇదేదీ తెలియదు. నాదర్‌గుల్‌లో కూతురి దగ్గర చాన్నాళ్లు ఉండి నిన్ననే వచ్చింది. మనవరాలిని చూసి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"నీకు అమ్మవారు పోసింది."

"దద్దుర్లే నాయనమ్మా," అంది శివాని. ఆమె మాట మామూలుగానే పక్కవాళ్లకు వినబడదు. ఆ రోజు పెదవి కూడా అడ్డం వచ్చింది.

"మొదట్ల అందరు గట్లనే అంటరు. పండు," అని ఈదమ్మ చాప పరిచింది.

ఆటలమ్మ వచ్చిన ఇంటికి కొన్ని పద్ధతులున్నాయి. గుమ్మానికి వేపమండలు కట్టాలి. నీసు లోపలికి రాకూడదు. ఒంటి మీద పోసినవాళ్లు గడప దాటకూడదు. ఈదమ్మ పక్కింటి సుగుణమ్మ దొడ్లో వేపకొమ్మలు విరిచి చేతులనిండా ఎత్తుకొచ్చింది. దారిలో కనబడిన ప్రతి గుమ్మానికీ సంగతి చెప్పింది. కాసేపటికే వాడకట్టు ఆడవాళ్లంతా ఇంటి ముందు చేరారు.

అప్పుడే అరుణజ్యోతి చేపల గంపతో వచ్చింది.

"ఆడనే ఆగు," అంది ఈదమ్మ. "నీసు గంపతోని గడప తొక్కుతవా?"

"అత్తా, అవి దద్దుర్లు. గోలి ఏస్కుంటే పోతయ్."

"తల్లికి గోలీలిస్తరా? జర తెలివుండాలె."

"పొల్లకు పరీక్షున్నది."

"గది తల్లికి చెప్పుకో."

అరుణజ్యోతి గంపను సుగుణమ్మ చేతుల్లో పెట్టి ఇంటి వెనక్కి పోయింది. కిటికీలోంచి గోలి, నీళ్ల సీసా అందించింది.

"ఊపిరి మంచిగాడుతుందా? ఏదీ, నాలుక చూపియ్."

నాలుక మామూలుగానే ఉంది. గోలి మాత్రం చేపల వాసన వేసింది. శివాని ముక్కు మూసుకుని మింగింది.

కొంతసేపటికి చేతుల మీది దద్దుర్లు మాయమై నడుము మీద లేచాయి. "తల్లి ఒళ్లంత తిరుగుతున్నది," అని ఈదమ్మ గుమ్మంలోంచి అందరికీ చెప్పింది. మధ్యాహ్నానికి అవీ పోయాయి. పెదవి కూడా చాలావరకు తన చోటికి తాను వచ్చింది.

సుగుణమ్మ తొంగిచూసింది. "ఏదే, ఒక్క పొక్కన్న లేదు?"

"మరేమనుకున్నవ్. నా వేపమండలకు తల్లి సల్లబడ్డది," అని ఈదమ్మ గుమ్మం వైపు చెయ్యెత్తి చూపించింది. ఎత్తిన చేతి మీద మోచేయి దాకా ఎర్రటి పొక్కులు.

"నీ చేతులేంది ఈదమ్మా?"

"చీమలు. కొమ్మలల్ల ఎర్రచీమలుండె."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒక అడుగు వెనక్కి వేశారు. "పిల్ల మీదికెళ్లి నీ మీదికొచ్చింది తల్లి," అంది సుగుణమ్మ.

అరుణజ్యోతి వేపమండ మీద పాకుతున్న ఎర్రచీమను చూసింది. ఇంట్లో గడియారం చూసింది. కూతురి భుజానికి సంచి తగిలించింది.

"అవి చీమకాట్లే," అంది శివాని గడప దాటుతూ. ఎవరికీ వినబడలేదు. రోడ్డు మీద బస్సు హారన్ మాత్రం అందరికీ వినబడింది.

ఈదమ్మ కూడా బయటికి రాబోయింది. చేపల వాసన ఇంకా పోని చేతులతో సుగుణమ్మ అడ్డం నిలబడింది.

"చీమలే సుగుణా. నీ చెట్టు చీమలే."

"మొదట్ల అందరు గట్లనే అంటరు. పండు," అని సుగుణమ్మ తలుపు మూసింది.