కీచురథ విజయం

ఏడు గుర్రాలను కట్టి కూడా బ్రేకన్నది పెట్టించుకోని రథమెక్కి, సృష్ట్యాది నుంచి ఒక్క స్పీడుబ్రేకరునైనా ఎరుగని ఆ సహస్రకిరణుడు తూర్పు మేడల నీళ్లట్యాంకుల వెనుక నుంచి తొంగిచూస్తున్న శుభముహూర్తాన, గుమ్మాల ముందు పాలప్యాకెట్లు చెమటలు కక్కుతుండగా, ఇస్త్రీ చొక్కాలు తలుపు కొక్కేలకు వేలాడి తమ తమ వీరుల కోసం నిరీక్షిస్తుండగా, రాత్రి కాపలా ముగించిన వీధికుక్కలు నిద్రకు ఉపక్రమిస్తుండగా, మూడో అడ్డవీధి మలుపులో దిక్కులు పిక్కటిల్లేలా ఒక మహానాదం పుట్టింది.

అది యుద్ధశంఖం కాదు. మదగజ ఘీంకారం అంతకంటే కాదు. కళ్లద్దాలాయన కారు మలుపు దగ్గర ఆగిన చప్పుడు.

ఎవడా కళ్లద్దాలాయన? సకలజన దృష్టిదోష సంహారకుడు, ఉపనేత్ర విక్రయ ధురంధరుడు, గోడ మీది అక్షరాలను పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా లోకం చేత చదివించి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడిగి అడిగి, ఏది బాగుందో ఎవరికీ తేలని ఆ సందిగ్ధ క్షణంలో కొత్త అద్దాలు అంటగట్టగల మహామేధావి. అతని వాహనం పద్నాలుగేళ్ల పొట్టి ఎస్‌యూవీ. గేర్లు వాటంతటవే మారే జాతిది. బ్రేకు నొక్కితే అరుస్తుంది, గట్టిగా నొక్కితే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఒక్కోనాడు పెడలు తడి స్పాంజిలా మెత్తగా దిగిపోతుంది. హ్యాండ్‌బ్రేకు మర్యాదకు పైకి లేస్తుందే గాని బండిని ఆపే ఉద్దేశం దానికి లేదు, అందుకే డిక్కీలో ఎప్పుడూ రెండు ఇటుకలు ఉంటాయి. ఇదంతా చూసి ఆ వీరుని ఇల్లాలు ఏనాడో ఒక స్కూటరు కొనుక్కుని రణరంగం నుంచి గౌరవంగా తప్పుకుంది. తెలివిగల మనిషి.

మిగిలిన సైన్యం ఇద్దరు. వెనకసీటు సేనాధిపతి అత్తగారు. మోకాళ్లకు కరెంటు పెట్టించుకోవడానికి రోజూ ఇదే బండిలో ఆస్పత్రికి వెళుతుంది. ముందుసీటులో కూతురు. చదువు ముగించి, ఇటీవలే ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. చేరిన తొలిరోజున తండ్రి ఆమెను సగర్వంగా గేటు ముందే దించాడు. ఆ కీచుకు గేటు కాపలాదారు గోడెక్కినంత పని చేశాడు, టీ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా ఇటు తిరిగారు, మధ్యాహ్నానికల్లా ఆమెకు 'కీచుపిల్ల' అని పేరు స్థిరపడింది. మర్నాటి నుంచి ఆమె ఆఫీసుకు ఇవతల మందుల షాపు మూలనే దిగుతోంది.

శుక్రవారం సాయంత్రం ఆమె చెప్పేసింది.

"నాన్నా, సోమవారం నుంచి నేను ఆఫీసు బస్సులో వెళ్తా. మూల దగ్గరా నవ్వుతున్నారు."

ఆ మాట వీరుని గుండెలో దిగబడింది. ఎందుకంటే, శ్రోతలారా, ఇక్కడ హాస్యం కాసేపు పక్కన పెట్టి చెబుతున్నాను, ఇంట్లో ఆ పిల్ల ఫోనుతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. పొద్దున ఆ కారులోనే మాట్లాడుతుంది. మేనేజరు పిసినారితనమూ, పక్కసీటు అమ్మాయి పెళ్లిగొడవా అన్నీ అక్కడే చెబుతుంది. బస్సెక్కితే అదీ పోతుంది. అది తలుచుకుని ఆ నేత్రవైద్య కల్పుడికి కళ్లు చెమర్చాయి, అద్దాలు తుడుచుకున్నాడు.

తుడుచుకుని, భోజనాల బల్ల మీద పిడికిలి మోపి, ఇలా గర్జించాడు. "పుత్రీ! ఈ రథచక్రాలను నిశ్శబ్దం చేయనినాడు, ఈ స్టీరింగు కంపాన్ని రూపుమాపనినాడు, నేను మళ్లీ ఈ తాళంచెవి ముట్టను! సోమవార ప్రభాతాన నీ కార్యాలయ ద్వారం ముందు పిల్లి అడుగు వేసినట్టు ఆగుతాను! ఆగకపోతే..."

"ఆగకపోతే బస్సు," అంది కూతురు, కంచం తీస్తూ.

శనివారం ఉదయం అతడు మెకానిక్కు షెడ్డు మీదికి దండెత్తాడు. ఈ మెకానిక్కు రెండు నెలల క్రితమే కొత్త బ్రేకు ప్యాడ్లు వేసినవాడు. వారం తిరక్కుండానే కీచు మళ్లీ మొలిచింది. ఇప్పుడు తానే బండెక్కి, మెకానిక్కు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, పదిసార్లు బ్రేకు కొట్టాడు. ఆ ద్రోహి కారు చుట్టాల ముందు అల్లరిపిల్లాడు బుద్ధిగా కూర్చున్నట్టు నోరు మెదపలేదు.

"ఏ శబ్దం లేదు సార్. బంగారంలా ఉంది," అన్నాడు మెకానిక్కు.

"అరవవే!" అని బానెట్టు మీద చరిచాడు వీరుడు. "ఇన్నాళ్లూ ఊరంతా వినేలా అరిచావే, ఇప్పుడేమైంది నీ గొంతు?"

గంటసేపు ఇద్దరూ వాదించుకున్నారు. ఒకడు దుమ్మన్నాడు, ఇంకొకడు దొంగ ప్యాడ్లన్నాడు. చివరికి విసిగిపోయి మెకానిక్కు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మీరు రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్దాం సార్. ఎవరెవరు ఎక్కుతారో అందర్నీ ఎక్కించండి. నేను వెనక కూర్చుంటా. అరిస్తే నా తప్పు, అరవకపోతే మీ చెవుల తప్పు."

అంతట సర్వసైన్య సమేతంగా కీచురథం ఇంటి నుంచి కదిలింది. అత్తగారు వెనక కుడివైపు కొలువుతీరింది. ఆమె పక్కన మెకానిక్కు ముడుచుకుని కూర్చున్నాడు. బండి ఫ్లైఓవరు శిఖరానికెక్కి అవతలి వాలులోకి దిగుతుండగా సేనాధిపతి ఆజ్ఞలు మొదలయ్యాయి.

"బాబూ, మెల్లిగా. అదుగో లారీ!"

"అది ఆగి ఉంది అత్తయ్యగారూ."

"ఆగినదేగా కదిలేది. మెల్లిగా!"

వాలు సగం దిగేసరికి మాడువాసన కమ్ముకుంది. వెనక వచ్చేవాళ్లు హారన్లు మోగించారు. వాళ్లకు తన బండిని చూస్తే ఓర్వలేనితనమని వీరుడు ఏనాటి నుంచో నమ్ముతున్నాడు. వాలు కింద సిగ్నలు ఎర్రబడింది. అతడు బ్రేకు నొక్కాడు. దశదిశలూ మార్మోగేలా, పావురాలు గుంపులుగా లేచిపోయేలా, పక్క ఆటోలో నిద్రపోతున్న పెద్దమనిషి ఉలిక్కిపడి డబ్బులు తీసేలా, కారు అరిచింది.

"వచ్చింది సార్, వచ్చింది!" అని మెకానిక్కు ఎగిరి పైకప్పుకు తల కొట్టుకున్నాడు.

"నే చెప్పలా!" అని వీరుడు స్టీరింగు మీద దరువు వేశాడు. లోకంలో ఎవడూ తన బండి చెడిందని అంత సంబరపడి ఉండడు.

ఆ కోలాహలంలో కూతురు ఒక్కతే కిందికి చూస్తోంది.

"నాన్నా, నీ ఎడమకాలు ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? బ్రేకు మీద."

"ఇప్పుడు సరే. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు?"

"బ్రేకు మీదే."

"రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు?"

"ఎప్పుడూ అక్కడే ఉంటుందమ్మా. కుడికాలు నడుపుతుంది, ఎడమకాలు కాపలా కాస్తుంది."

మెకానిక్కు నుదురు కొట్టుకుని, "దారి పొడుగునా రుద్దుకుంటూ వస్తే కొత్త ప్యాడ్లేం చేస్తాయి సార్! మాడాయి. డిస్కు వంకరపోయింది. బ్రేకు ఆయిలు కూడా కాగిపోయుంటుంది," అన్నాడు. పరుల కళ్లను పద్దెనిమిది రకాలుగా పరీక్షించిన ఆ మహానుభావుడు తన కాలిని ఏనాడూ చూసుకోలేదు.

"కాలక్కడ పెట్టమని నీకెవరు చెప్పారు?" అంది కూతురు.

అతడు అద్దంలోంచి వెనక్కి చూశాడు. అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది.

"బండి కొన్న రోజున మీ అమ్మమ్మ చెప్పింది. నీకప్పుడు ఎనిమిదేళ్లు. బెల్టు పెట్టుకోమంటే వినేదానివి కాదు, రెండు సీట్ల మధ్య నిలబడి పాటలు పాడేదానివి. 'ఆ కాలు ఖాళీయేగా బాబూ, బ్రేకు మీద ఉంచు, వెనక పసిపిల్ల ఉంది' అంది. ఉంచాను."

"నేను ముందుసీటుకొచ్చి ఎన్నేళ్లయింది నాన్నా?"

"కాలు తీయమని ఎవరూ చెప్పలేదు మరి," అన్నాడు, చాలా చిన్నగొంతుతో.

సిగ్నలు పచ్చబడింది. వెనక హారన్లు మోగాయి. ఆమె తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నేను చెప్తున్నా. ఇక తీసెయ్."

ఆదివారమంతా షెడ్డులో శస్త్రచికిత్స జరిగింది. ప్యాడ్లు మారాయి, డిస్కులు మారాయి, నల్లబడిన ఆయిలు పోయి కొత్తది వచ్చింది, హ్యాండ్‌బ్రేకు కేబులు బిగిసింది, రెండు ఇటుకలూ పదవీ విరమణ చేశాయి. అయినా అసలు శత్రువు ఇంకా మిగిలే ఉన్నాడు. ఐదు వేళ్లవాడు, చెప్పు తొడిగినవాడు, పద్నాలుగేళ్ల కొలువు మరిగినవాడు.

సోమవార ప్రభాతాన మహాసంగ్రామం ఆరంభమైంది. ఫ్లైఓవరు వాలులో ఆ వామపాదం తనంతట తాను లేచింది. వీరుడు పళ్లు బిగించి దాన్ని నేలకు దించాడు. మళ్లీ లేచింది, మళ్లీ దించాడు. "బాబూ, కాలు! కాలు!" అని వెనక నుంచి సేనాధిపతి ఆక్రోశించింది. "నేలమీదుంది అత్తయ్యగారూ! ప్రాణాలు పోయినా అక్కడే ఉంటుంది!" అని అతడు సింహనాదం చేశాడు. కూతురు పకపకా నవ్వింది. నవ్వుతూనే మేనేజరు కొత్త ఏసీకి ఎలా తాళం వేశాడో చెప్పసాగింది.

మందుల షాపు మూల వచ్చింది. అలవాటు కొద్దీ అతడు వేగం తగ్గించాడు. ఆమె మాట ఆపలేదు, బెల్టూ తీయలేదు.

"ఇంకొంచెం ముందుకెళ్లు నాన్నా."

వెళ్లాడు. గేటు ముందు కుడికాలితో, ఒక్క కుడికాలితోనే, బ్రేకు నొక్కాడు. బండి ఆగింది. కాపలాదారు ఆవలించాడు. టీ తాగేవాళ్లు టీ తాగుతూనే ఉన్నారు. ఆహా, ఒక్కడంటే ఒక్కడు తల తిప్పలేదు!

ఆమె దిగి, చుట్టూ తిరిగి, అతని కిటికీ దగ్గరికి వచ్చింది.

"సాయంత్రం ఇక్కడే నిలబడతా. మూల దాకా నడిపించకు."

ఆమె లోపలికి వెళ్లేదాకా చూసి, ఆ వీరుడు మళ్లీ అద్దాలు తుడుచుకున్నాడు. వెనకసీటులో అత్తగారు రెండు పాదాలూ ఎదుటి సీటు కింద అదిమిపట్టి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"ఆగిందా బాబూ? ఇక నేను కాలు తీయొచ్చా?"

"తీసేయండి అత్తయ్యగారూ."

ఈ విధంగా, మందుల షాపు మూల మొదలుకొని ఆఫీసు గేటు వరకు గల సమస్త భూమండలమూ, అందులోని పంక్చరు కొట్టుతోనూ వంగిన కరెంటు స్తంభంతోనూ సహా, కళ్లద్దాలాయన వశమైంది!