అనంతగిరి కింద ఎదుర్కోళ్లు

ఆ ఆదివారం పొద్దున మనోరమ వేసుకున్న పథకం చాలా చిన్నది. తాండూరులో బండి ఎక్కడం, వికారాబాదులో దిగడం, ఇంగ్లీషు పాట పాడించడం, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరడం. తాండూరు మహిళా మండలిలో ఆమె పాటల టీచరు. ఉద్యోగం టెంపరరీ. మండలికి పెద్ద, నాపరాతి గనుల యజమాని బాల్‌రాజ్ పటేలు సంగతి ముందే తేల్చేశాడు: "బహుమతి వస్తే నీ నౌకరీ పక్కా. రాకుంటే పాటల క్లాసు బంద్. ఆడోళ్లకు కుట్టు మిషిన్లు తెప్పిస్త."

పోటీ మామూలుది కాదు. అనంతగిరి గుట్ట కింద రోడ్డు వేయడానికి అయిదు దేశాల యువజనులు వచ్చి క్యాంపు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగేళ్లయిన రోజులవి. తెల్లవాళ్లు తట్టలు మోస్తుంటే చూడడానికి పరిగి నుంచి, మోమిన్‌పేట్ నుంచి జనం వచ్చేవారు. క్యాంపు ముగింపునాడు అంతర్జాతీయ పాటల పోటీ పెట్టి, మన దేశం తరఫున పాడమని మండలిని పిలిచారు.

"ఇంటర్నేషనల్ అంటెనే ఇంగ్లీషు. తెలుగుల పాడితే ఎవనికి సమజైతది?" అన్నాడు పటేలు. ఒక రిటైర్డ్ తహశీల్దారు చేత ఇంగ్లీషులో స్వాగతగీతం రాయించాడు. మనోరమ దాన్ని మండలి ఆడవాళ్లకు నెల రోజులు నూరిపోసింది.

బృందానికి పెద్ద గొంతు ఈశ్వరమ్మది. పెళ్లిళ్లలో ఆమె నోరు తెరిస్తే మగపెళ్లివారు చెప్పులు వెతుక్కునేవారు. అలాంటి మనిషి ముందురోజు బిక్కచచ్చిపోయి అడిగింది.

"పోటీ అంటే ఏంది బిడ్డా?"

"అవతలోళ్లు ఒక పాట పాడుతరు, ఇవతల మనం పాడుతం. గంతే అవ్వా."

"అంటే ఎదుర్కోళ్ల లెక్కనా?"

ఆ మొహంలో భయం పోవడం చూసి మనోరమ ప్రాణం తేలికపడింది. "అట్లనే అనుకో," అంది.

ఎదుర్కోళ్లంటే, ఆడపెళ్లివారు మగపెళ్లివారికి ఎదురు వెళ్లి, పానకం ఇచ్చి, బుక్కగులాలు అనే రంగుపొడి చల్లి, ఆపైన పాటల్లో తిట్టడం. మర్నాడు పొద్దున స్టేషనుకు ఈశ్వరమ్మ పానకం నిండిన ఇత్తడి బిందెతో, బృందంలోని ఎంకమ్మ ఒడినిండా గులాలుతో వచ్చారు.

"ఇదంతా ఎందుకవ్వా?"

"ఉత్త చేతులతోటి పోతరా బిడ్డా?"

అతిథులకు పానకమిస్తే తప్పేముందిలే అనుకుంది మనోరమ. బండి కూడా అప్పుడే కూత వేసింది. తీరా ఎక్కాక అది దారిలో ఆగిపోయింది. పటేలుగారి నాపరాళ్లు మోసుకెళ్తున్న గూడ్సుకే దారి ఇవ్వాల్సి వచ్చింది.

వీళ్లు క్యాంపు చేరేసరికి అయిదు దేశాలవాళ్లూ పాడేశారు. అందరూ ఇంగ్లీషులోనే, చేతులు కట్టుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు. ఎండ మండిపోతోంది. బిందె చూడగానే పరదేశీలంతా వరస కట్టారు. ఈశ్వరమ్మ తలా ఒక గ్లాసు పోసింది, ఎంకమ్మ తలా ఒక పిడికెడు గులాలు చల్లింది. ముందురోజే జీపులో వచ్చి, కోటు వేసి, టై కట్టి, తెల్లవాళ్ల మధ్య మొదటి వరసలో కూర్చున్న పటేలు కూడా గొంతెండి ఒక గ్లాసు తాగాడు.

మండలిని వేదిక మీదికి పిలిచారు. మనోరమ చెయ్యెత్తింది. ఎవరూ నోరు తెరవలేదు.

"అవ్వా, స్వాగతం పాట," అంది మెల్లగా.

"ఎదురైతిమి, పానకం పోస్తిమి, తాగిరి. ఇంకేం స్వాగతం బిడ్డా? తాగినంక తిట్టాలె. తిట్టకుంటే వాళ్లను తక్కువ జూసినట్టు."

"వాళ్లు వియ్యాలవారు కాదవ్వా."

"నువ్వే గద అంటివి."

ఈశ్వరమ్మ అవతలి పక్షంలో వియ్యంకుడి కోసం చూసింది. నడుమ కోటు వేసుకుని, మీసం దువ్వుకుంటూ పటేలొక్కడే కనబడ్డాడు. గొంతెత్తింది.

"మెడల తాడేందయ్య, ఓ వియ్యంకుడా,
కట్టేసి మరిచెనా నీ ఇల్లాలు?
మేత పెట్టలేదేమొ, ఓ వియ్యంకుడా,
మా పానకం ఒక్క గుక్కల మింగితివి."

చూడవచ్చిన జనం కడుపులు పట్టుకుని నవ్వారు. పటేలు లేచి, "ఇంగ్లీషు, ఇంగ్లీషు" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వుతూ భుజాలు పట్టి కూర్చోబెట్టారు. మనోరమ తన నౌకరీకి మనసులోనే నీళ్లొదులుకుంది.

అప్పుడు లేచింది ఐనో. ఫిన్లాండు నుంచి వచ్చిన నడివయసు నర్సు. తలనిండా గులాలుతో నడుం మీద చేతులు పెట్టుకుని, ఈశ్వరమ్మ ఎదుటికి వచ్చి, తన భాషలో అందుకుంది. వేలెత్తి ఈశ్వరమ్మ ముక్కుపుల్లను చూపించింది, ఖాళీ బిందెను చూపించింది, పెదవి విరిచింది. ఒక్క ముక్కా ఎవరికీ అర్థం కాలేదు. తిడుతున్నదని మాత్రం అందరికీ తెలిసింది.

ఈశ్వరమ్మ కళ్లు మెరిశాయి. "వచ్చిందిరా అసలు వియ్యపురాలు," అని జవాబు అందుకుంది. ఆమె ఆపిన చోట ఈమె, ఈమె ఆపిన చోట ఆమె. రెండు గొంతులూ గుట్టకు తగిలి తిరిగి వస్తుంటే మనోరమకు ఒళ్లు జలదరించింది. మంచు దేశపు మనిషికీ తాండూరు పక్క పెద్దేముల్‌లో పుట్టిన ఈశ్వరమ్మకూ ఈ వరస ఎవరు నేర్పారు? సంగీతం చదువుకున్న తాను ఇంత గొప్ప పాట ఇన్నాళ్లూ పక్కన పెట్టుకుని తహశీల్దారు గీతం రుద్దినందుకు ఆమెకు సిగ్గేసింది. నౌకరీ సంగతి కాసేపు నిజంగానే మరిచిపోయింది.

ఇంగ్లీషులో పాడిన వాళ్లంతా మళ్లీ లేచారు. జపాను పిల్ల ఒకతె తన భాషలో పాడుతూ ఏడ్చింది. ఎందుకో తెలియకుండానే మండలిలోని శంకరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పొద్దు వాలేదాకా ఎవరూ కదలలేదు.

చివరికి క్యాంపు పెద్ద లేచి ఇంగ్లీషులో తీర్పు చెప్పాడు. షీల్డు తాండూరుకే. పాట గొప్పది, దానికన్నా గొప్పది ఆ కోటాయన నటన. నిజంగా అవమానం జరిగినట్టే కూర్చున్నాడు, అలాంటి నటుడిని తానెక్కడా చూడలేదన్నాడు.

ఇంగ్లీషు కనుక ప్రతి మాటా పటేలుకు అర్థమైంది. చప్పట్ల మధ్య ఆయన టై సర్దుకుని, వేదిక ఎక్కి, షీల్డు అందుకుని, వంగి నమస్కారం పెట్టాడు.

దిగి వస్తూ అన్నాడు: "టీచరమ్మా, నీ నౌకరీ పక్కా. గాని వచ్చేయేడు తిట్లు జర గట్టిగుండాలె. గీసారి మస్తు తక్కువైనయి."

అప్పటి నుంచీ మనోరమ నెలనెలా జీతం అందుకున్నది పటేలును తిట్టడం నేర్పినందుకే. ఇచ్చింది కూడా ఆయనే.