పూతలపట్టులో స్వతంత్ర పరిశోధన

"బండ్ల పొగతో మనిషి ఊపిరితిత్తులకి ఏమవుతాదో తేల్చేదానికి, చరిత్రలోనే మొట్టమొదటి స్వతంత్ర పరిశోధన ఈడ మొదలవతా ఉండాది. దీంట్లో ఎవురి జోక్యమూ ఉండదు. ఉండకుండా నేనే దగ్గరుండి చూసుకుంటా!"

వాయు సంక్షేమ మండలి ఛైర్మన్ ఢిల్లీబాబు గారు పూతలపట్టు కూడలిలో ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు బాగానే పడ్డాయి. కొన్ని మాటలు మాత్రం వినపడలేదు. ఆయన వెంట వచ్చిన ముప్పై ఆరు కార్లు, లోపల ఏసీ ఆగిపోకూడదని, ఇంజన్లు ఆపకుండానే నిలబడ్డాయి. నా జిరాక్స్ షాపు సరిగ్గా ఆ వేదిక వెనకే. అందువల్ల ఈ మహత్తర పరిశోధన తాలూకు ప్రతి కాగితమూ నా చేతుల మీదుగానే నడిచింది.

తిరుపతిలో ఒక మెడికల్ కాలేజీలో ఊపిరితిత్తుల పాఠాలు చెప్పే డాక్టర్ ఉదయలక్ష్మి గారిని ఛైర్మన్ గారే స్వయంగా ఎంపిక చేశారు. ఆమె ఎవరి మాటా వినరని పేరు. స్వతంత్రానికి అంతకన్నా ఏం అర్హత కావాలి?

మర్నాడే ఆమె కూడలిలో బల్ల వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద గొట్టం ఉన్న చిన్న మిషను. గుండెనిండా గాలి పీల్చి దాంట్లోకి ఊదితే మన ఊపిరి బలమెంతో అంకెల్లో చెబుతుంది. ఆటోవాళ్లు ఊదారు, టీ కొట్టువాళ్లు ఊదారు, నేనూ ఊదాను. బస్టాపులో ఇరవై రెండేళ్లుగా జామకాయలు అమ్మే శకుంతలమ్మ మూడుసార్లు ఊది, దగ్గు తెర ఆగాక అడిగింది.

"ఎంత వచ్చిందమ్మా?"

"ఉండాల్సిందాంట్లో సగం."

"మిగతా సగం యాడికి పాయ?"

డాక్టరమ్మ మలుపులో ఆగిన లారీల వైపు చూశారు. అవి వరసగా శకుంతలమ్మ మొహం మీదికే పొగ వదులుతున్నాయి.

"ఈ బస్టాపుని నూరు గజాలు అవతలికి జరిపితే చాలమ్మా, నీకు దగ్గు తగ్గుతాది. రిపోర్టులో అదే రాస్తా."

డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా శకుంతలమ్మ రెండు దోరకాయలు ఏరి ఆమె సంచిలో వేసింది.

నాలుగు రోజుల్లో రెండు వందల పన్నెండు మంది ఊదారు. అంకెలు చూసుకోవడానికి ఛైర్మన్ గారు వచ్చారు.

"ఏం మేడమ్, మా జనం ఇంత వీక్‌గా ఊదినారే! జిల్లా పరువేం కావాల?"

"వీళ్లేం చేస్తారు సార్, అంతా పొగ."

"పొగ కాదు మేడమ్, ప్రాక్టీసు లేదు. మీ శాంపుల్లో లోపం ఉండాది. ఊదేది తెలిసినోళ్లని నేను పంపిస్తా."

మర్నాడు పొద్దున్నే నగరి వైపు నుంచి రెండు బస్సులు వచ్చి ఆగాయి. పట్టుపంచెలతో, నుదుట విభూతితో ఎనభై మంది నాదస్వర విద్వాంసులు దిగారు. వాళ్లలో పెద్దాయన బాలసుబ్రమణ్యం గారు గొట్టం నోట పెట్టుకుని, అలవాటుగా కళ్లు మూసుకుని ఊదితే మిషను కీచుమని అరిచి ఆగిపోయింది. తిరుపతి నుంచి ఇంకోటి తెప్పించారు.

"వీళ్లు ఈ ఊరోళ్లు కాదు సార్," అన్నారు డాక్టరమ్మ.

"ఈడ బస్సు మారతారు గదా!"

"ఎంతసేపుంటారు?"

"బస్సు వచ్చిందాకా. మన బస్సుల సంగతి మీకు తెలీందేముంది మేడమ్?"

ఛైర్మన్ గారి ఆదేశం మేరకు పాత రెండు వందల పన్నెండు మందినీ 'ప్రాక్టీసు లేనివారు' అనే వేరే ఫైల్లో భద్రపరిచారు. ఆ సాయంత్రానికి పూతలపట్టు వాసుల సగటు ఊపిరి నూటికి నూట పద్దెనిమిదికి చేరుకుంది. 'వాహనాల పొగ ఊపిరితిత్తులకు మంచి వ్యాయామం' అన్న ముగింపుతో నివేదిక నా షాపులోనే ప్రింటయింది. బస్టాపు ఊసు అందులో లేదు.

"దీని మీద నేను సంతకం పెట్టను సార్," అన్నారు డాక్టరమ్మ.

ఛైర్మన్ గారు ఏమాత్రం కోప్పడలేదు. అదే ఆయన గొప్పతనం.

"పెట్టబాకండి మేడమ్. మీరు స్వతంత్రులు. ఈ నిమిషం నుంచి ఈ పరిశోధన నుంచి కూడా మీకు స్వతంత్రం ఇస్తా ఉండాను."

ఆ విధంగా, పరిశోధకురాలితో సైతం ఎటువంటి సంబంధమూ లేని పరిశోధన ఒకటి మా ఊళ్లో పూర్తయింది. తిరుపతిలో విడుదల సభ జరిగింది. ఛైర్మన్ గారికి శాలువా కప్పారు.

వెళ్లే ముందు డాక్టరమ్మ రెండు రోజులు నా షాపులో కూర్చుని, ఎవరి ఫలితం వాళ్లకు విడిగా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. శకుంతలమ్మ తన కాగితం నాతో చదివించుకుంది.

"అయితే బస్టాపు జరిపేది లేదా నాయనా?"

"రిపోర్టు ప్రకారం అవసరం లేదమ్మా."

ఆమె కాగితం మడిచి నడుముకు దోపుకుంది. మర్నాడు తనే గంప ఎత్తుకుని నూరు గజాలు అవతలికి పోయి కూర్చుంది. బస్సులు మాత్రం పాత చోటే ఆగుతున్నాయి. వారం తర్వాత ఎట్లుందని అడిగాను.

"దగ్గు తగ్గిండాది. బేరమూ తగ్గిండాది," అంది, ఈగలు తోలుకుంటూ.

నెల తిరగకముందే ఛైర్మన్ గారు కార్లేవీ లేకుండా ఒక్కరే నా షాపుకు వచ్చారు. పోస్టరు వేయాలని చేత్తో రాసిన కాగితం ఇచ్చారు. 'పూతలపట్టు కూడలి పక్కన రెండంతస్తుల ఇల్లు అమ్మబడును.' కింద ఆయన నంబరే ఉంది.

"సొంతిల్లు ఎందుకు సార్ అమ్మేస్తా ఉండారు?"

"ఇంట్లో ఆమెకి ఆయాసం. ఈడుంటే తగ్గదని డాక్టరమ్మ చెప్పేసింది. దూరంగా తోటలో కట్టుకుంటా ఉండాం."

"ఏ డాక్టరమ్మ సార్?"

"ఉదయలక్ష్మమ్మే. ఇంకెవురిని అడిగేదబ్బా? నిజం చెప్పేది ఆయమ్మ ఒక్కతే గదా!"

పోస్టరుతో పాటు, ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లకు ఇవ్వడానికని పరిశోధన నివేదిక కూడా ఇరవై కాపీలు కలర్‌లో తీయమన్నారు. తీసిచ్చాను.