తుమ్ము వినబడని దారి

ముంబై దగ్గరి భివండీ పద్మనగర్‌లో ముక్కు దిబ్బడను ఎవరూ రోగంగా గుర్తించరు. జ్వరమొస్తే పండ్లు తెస్తారు, ముక్కు మూసుకుపోతే సలహాలు తెస్తారు. ఇంటి వెనకే మరమగ్గాల కార్ఖానా నడుపుకునే కొమురయ్య ఆ సలహాలన్నీ భక్తితో పాటించాడు. పసుపుకొమ్ము పొగ పీల్చాడు, వాము మూట వాసన చూశాడు. జలుబు వర్ధిల్లి, ఎడమ కన్ను నిమ్మకాయంత ఉబ్బి, ఒక్కో సాంచ, అదే మరమగ్గం, రెండుగా కనబడసాగింది. ఆస్తి రెట్టింపైందని ఆయన మొదట సంతోషించాడంటారు.

పక్కనున్న ఠాణే పట్నం డాక్టర్ మాత్రం స్కాన్ చూసి సంతోషించలేదు. ముక్కు పక్క గదుల్లోని చీము కంటిదాకా పాకిందన్నాడు. ముఖం మీద కోత పెట్టకుండా ముక్కులోంచే సన్నని కెమెరా గొట్టం పంపి తీసేస్తానన్నాడు. సాయంత్రంలోగా ఆస్పత్రిలో చేరకపోతే చూపు పోతుందన్నాడు.

ఇంటికొచ్చి బట్టలు సర్దుకున్నారు. రిక్షా వచ్చింది. కొమురయ్య గడప మీద కాలు పెట్టి తుమ్మాడు.

"ఒంటి తుమ్ము బిడ్డా!" తల్లి బుచ్చమ్మ రెక్క పట్టి వెనక్కి గుంజింది. "జర్ర కూసో. నీళ్లు తాగి పో."

తాగి లేచాడు. గడప దగ్గర మళ్లీ తుమ్మాడు. చీము నిండిన ముక్కు తుమ్మక ఇంకేం చేస్తుందని అడగకూడదు. ఆచారానికి వైద్యంతో పని లేదు.

వాడకట్టు పెద్దమనిషి కనుకయ్యను పిలిపించారు. ఆయన గొంతు సవరించుకుని ఉపన్యసించారు: "రెండు తుమ్ములు శుభమే. కానీ నడుమ నీళ్లు తాగిండు. గందుకని గవి రెండు తుమ్ములు కావు, రెండు ఒంటి తుమ్ములు. ఇంకోటి తుమ్మితె మల్ల ఆలోచన చేద్దాం."

సభ హర్షించింది. కొమురయ్య తుమ్మాడు.

ఆలోచన మళ్లీ మొదలైంది. ఈలోగా కన్ను పూర్తిగా మూతపడింది. "వెంకవ్వా, ఈ కంటికి ఏం కనబడ్తలేదే," అన్నాడు భార్యతో.

వెంకవ్వ కొంగు దోపింది. "లెవ్వయ్యా. ఎనకకెల్లి, కార్ఖానల నుంచి పోదాం."

"ఆడ తుమ్మొస్తె?"

"తుమ్ము. ఎవలికి ఇనబడుతది?"

సాంచల మోతలో కొమురయ్య మనసారా తుమ్ముకుంటూ వెళ్లాడు. పక్కనే నడుస్తున్న బుచ్చమ్మకు ఒక్కటీ వినబడలేదు. వినబడనిది తుమ్ము కాదు కాబట్టి శకునం బ్రహ్మాండంగా కుదిరింది.

ఆపరేషన్ అయింది, కన్ను దక్కింది. డాక్టర్ తన పనితనం అనుకుంటున్నాడు, పాపం. వాడకట్టుకు అసలు సంగతి తెలుసు. ఇప్పుడు పరీక్షలకూ, పెళ్లిచూపులకూ అందరూ సాంచల నడుమ నుంచే బయలుదేరుతున్నారు. మొన్న ఒక పెళ్లికొడుకు జుట్టునిండా దూదితో వెళ్లాడు. తల నెరిసినవాడని పిల్ల తరపువాళ్లు సంబంధం వద్దన్నారు. శకునంలో మాత్రం ఏ లోపమూ లేదు.

ఇవాళ కొమురయ్య ఆస్పత్రికెళ్లి ముక్కు శుభ్రం చేయించుకోవాలి. లేకపోతే మళ్లీ చీము చేరుతుందట, కంటికి పూచీ లేదట. తుమ్మొస్తే ఆపుకోవద్దని కూడా చెప్పారు. కానీ ఇవాళ శుక్రవారం, సాంచలకు సెలవు. కార్ఖానాలో సూది పడినా వినబడుతుంది. సంచి ఒళ్లో పెట్టుకుని కొమురయ్య మంచం మీద కూర్చున్నాడు. గడప దగ్గర బుచ్చమ్మ చెవులు రిక్కించి నిలబడింది.

పాఠకులారా, ఏం చేయాలో చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాం. మీరు చదువుకున్నవాళ్లు, ఇలాంటివి నమ్మరు. అయితే సలహా చెప్పడానికి బయలుదేరేటప్పుడు మీ ఇంట్లో ఎవరైనా తుమ్మితే మాత్రం కంగారుపడకండి. మీరు కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వచ్చేదాకా ఆగమని కొమురయ్య కంటికి చెప్పి ఉంచాం.